రుచి చూసిన కూర

అత్తమ్మ ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉంది, మంచమేమో మా వంటింట్లో ఉంది, కిటికీ బయట చెట్లు బస్సులోంచి చూసినట్టు వెనక్కి పోతున్నాయి. ఆమె పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు. అయినా ఎట్లా వచ్చావని అడగను, గట్టు మీది కూర ఆమె కంట పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని నిలబడతాను.

దాచలేక నేనే చెప్పేస్తాను. ఇవాళ పెత్తరమాస, పెద్దలకు పెట్టుకునే రోజు. పిల్ల చంక దిగడం లేదని, మూడు కంపెనీల గుత్తివంకాయ ప్యాకెట్లు తెచ్చి వేడినీళ్లలో వేసి కత్తిరించానని, ఏది బాగుందో చూద్దామని మూడింటినీ నాకానని, పెద్దలకు పెట్టేది ముందు మనం ముట్టకూడదన్న సంగతి మూడోది మింగాక గుర్తొచ్చిందని, అయినా దాన్నే ఇస్తరిలో వడ్డించి వెనక వాకిట్లో పెట్టానని, కాకి రాలేదని.

మంచం కదులుతోంది, నేను దాని వెంట నడుస్తున్నాను. చివరి రోజు ఆమె ఈ కూరే అడిగింది. చంటిది ఏడుస్తుంటే రేపు చేస్తానన్నాను. తెల్లారేసరికి ఆమె లేదు.

"ఇగ తెల్లారిందా నీ రేపు?" అంటుంది. "ఉప్పు సరిపోయిందా మరి?"

"మూడోదాంట్ల సరిపోయింది అత్తమ్మా."

"నీ చేతి కూరల ఎన్నడన్న సరిపోయిందా. మంచిగనే చేసినవ్."

నవ్వుతోందో ఎత్తిపొడుస్తోందో తెలియదు, ముఖం మసకగా ఉంది. "కోపమొచ్చిందా? ఆ ఉసురు పిల్లకు తగలనియ్యకు" అని కాళ్లు పట్టుకోబోతే కాళ్లు దొరకవు.

"పిల్ల తిన్నదా?" అంటుంది.

చేసిన తప్పుకు ఇంకో తప్పు తోడవుతుందని, కాకి ముట్టేదాకా దానికీ పాలు తప్ప ఏమీ పెట్టలేదు.

"దాని కడుపు ఎండబెట్టి నన్ను తినమంటవా బిడ్డా?"

మంచం దూరమవుతుంది, నేను పరుగెత్తుతాను, గచ్చు మెత్తగా లోపలికి దిగుతుంది.

మెలకువ వచ్చింది. వెనక గడపకు ఆనుకుని కునుకు తీశానట్టుంది, ఎండ పాదాల మీదికి వచ్చింది, ఒళ్లో పిల్ల లేదు. పిల్ల వాకిట్లో ఇస్తరి ముందు కూర్చుని రెండు చేతులతో వంకాయ తింటోంది. కారానికి ముక్కు కారుతోంది, అయినా ఇంకోదాని కోసం చేయి చాపుతోంది. లాగేద్దామని వంగినదాన్ని, లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇస్తరి పక్కన పెట్టాను.