మూడో గంట తర్వాత

ఆగండి, ఒక్క నిమిషం ఆగి ఇది వినండి. హారతి ఓడిపోయిందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. తువ్వాలు ఎగిరొచ్చి రింగులో పడిన ఆ చిన్న వీడియో కూడా చూసే ఉంటారు. దానికి ముందు ఏం జరిగిందో విని, సాల్మన్ మాస్టారిని ఏమనాలో తర్వాత అనండి.

సాల్మన్ మాస్టారు భీమవరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊరి చివర మూతపడిన ఐసు గోడౌన్లో తాళ్లు కట్టి పిల్లలకి బాక్సింగ్ నేర్పుతారు. హారతి అక్కడికి పదకొండో ఏట వచ్చింది. వాళ్లమ్మ సంపూర్ణమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. ఎనిమిదేళ్లలో తొంభై బౌట్లు, ఎనభై రెండు గెలుపులు, రెండు జాతీయ స్వర్ణాలు. ఆ పిల్ల ఎక్కిన ప్రతి రింగు పక్కనా మాస్టారే.

ఆట కూడా మాస్టారు చెక్కిందే. చెరువు గట్టు మీద కూర్చుని రొయ్యల్ని చూసి ఆ ఒడుపు పట్టారట. ముందుకొచ్చి తాకు, చటుక్కున వెనక్కి దూకు. అమెచ్యూర్‌లో శుభ్రంగా తాకిన దెబ్బ చాలు, జడ్జీలు రాసుకుంటారు. ఉండేది మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. అందుకే మాస్టారి దగ్గర ఇంకో సూత్రం కూడా ఉండేది. "మూడో రౌండ్‌లో ఏమీ దాచుకోకు. ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకుంటావు?"

ఈ ఏడు హారతి ప్రొఫెషనల్‌కి మారింది. రాజమండ్రిలో పోటీలు పెట్టే సత్యప్రసాద్ గారు మొదటి బౌట్ కుదిర్చారు. ఎదుటి మనిషి విశాఖ నుంచి వచ్చిన నాగదుర్గ. ముప్పై మూడేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ప్రొఫెషనల్‌గా ఆరు ఆడి నాలుగు ఓడింది. అమెచ్యూర్‌లో జిల్లా దాటి మెడల్ తెచ్చుకున్న మొహమే కాదు. గోడౌన్లో అందరూ నవ్వుకున్నారు. ఆరు రౌండ్లు, రెండేసి నిమిషాలు. హారతి వేళ్ల మీద లెక్కేసింది.

"తొమ్మిది నిమిషాలకి పన్నెండు. మూడు నిమిషాలేగా మాస్టారూ ఎక్కువ."

మాస్టారు కూడా నవ్వేశారు. రెండు నెలలు ఆరేసి రౌండ్లు సాధన చేయించారు కూడా. కాకపోతే గోడౌన్లో జనం ఉండరు, అరుపులుండవు.

సంపూర్ణమ్మ ఒక్కతే నవ్వలేదు. "రొయ్య వెనక్కి దూకుద్దని తెలిసినోళ్లు వల వెనకాలే పెడతారండి మాస్టారూ," అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

రింగు ఎక్కే ముందు హారతి మాస్టారి భుజం మీదున్న తువ్వాలు పట్టుకుంది. కోచ్ తువ్వాలు విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే, బౌట్ అక్కడితో ఆగిపోతుంది. ఏం జరిగినా ఇది విసరనని మాటివ్వమంది. మాస్టారు ఇచ్చారు.

మొదటి రెండు రౌండ్లూ హారతి ఆడుకుంది. తలకి హెడ్‌గార్డ్ లేదు, గ్లౌజులు చిన్నవి, అయినా తను పది కొడితే తనకి ఒకటి తగిలింది. నాగదుర్గ మాత్రం వానలో నడిచే మనిషిలా తాకించుకుంటూనే ముందుకొచ్చింది. హారతి వెనక్కి దూకినప్పుడల్లా అరడుగు పక్కకి జరిగి దారి మూసింది. దూకిన ప్రతిసారీ హారతి వీపుకి రింగు తాడు తగిలింది. తగిలిన ప్రతిసారీ డొక్కలో ఒకటి పడింది. రెండో వరసలో సంపూర్ణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడో రౌండ్. హారతి ఏమీ దాచుకోలేదు. ఉన్నదంతా పెట్టేసింది. హాలు ఊగిపోయింది. గంట మోగింది.

ఇదిగో, ఇక్కడే.

హారతి నవ్వుకుంటూ కార్నర్‌కి వచ్చింది. మాస్టారు ఆమె నోట్లోంచి మౌత్‌గార్డ్ తీసి, కడిగి, నీలం సబ్బుపెట్టెలో పెట్టి, పెట్టె జేబులో వేసుకున్నారు. హారతి ఎడమ చెయ్యి చాపింది. మాస్టారు గ్లౌజు మీది టేపు చింపి లేసు లాగారు.

"బంగారంలా ఆడావమ్మా," అన్నారు.

మూడో గంటకి తొంభై సార్లు అలాగే చేశారు ఇద్దరూ. ఆయన అడగక్కర్లేదు, ఆ పిల్లకి చెప్పక్కర్లేదు.

అప్పుడు మాస్టారు తలెత్తారు. ఎదుటి కార్నర్‌లో నాగదుర్గ స్టూల్ మీద కూర్చుని నీళ్లు పుక్కిలిస్తోంది. వీళ్లనే చూస్తోంది. నవ్వడం లేదు.

రిఫరీ దగ్గరికొచ్చి ఏం చేస్తున్నారండీ అని అడిగాడు. ఇంకా మూడు రౌండ్లున్నాయని మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. హారతి ఊడొచ్చిన గ్లౌజు కేసి, ఆయన కేసి చూసింది. లేసు బిగించి, టేపు చుట్టి, మౌత్‌గార్డ్ పెట్టేసరికి మళ్లీ గంట. నీళ్లు తాగలేదు, కూర్చోలేదు.

నాలుగో రౌండ్‌లో కాళ్లు కదల్లేదు. ఒళ్లు ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది. నాగదుర్గ అసలు కొట్టడం అప్పుడు మొదలుపెట్టింది. అయిదో రౌండ్‌లో పక్కటెముకల కింద ఒకటి, దవడ మీద ఇంకొకటి. హారతి మోకాళ్ల మీద కూలి, రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచింది. గంట ఆదుకుంది.

స్టూల్ మీద ఆమె కళ్లలోకి చూస్తూ మాస్టారు అడిగారు. "హారతీ, ఇప్పుడొచ్చేది ఎన్నో రౌండమ్మా?"

"మూడోది మాస్టారూ. ఏమీ దాచుకోను."

మాస్టారికి హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది. దెబ్బకి తల తిరిగి అందా? లేక ఎనిమిదేళ్ల అలవాటు నోట్లోంచి వచ్చిందా? ఏ దెబ్బా తగలని తనే ఇందాక మూడుకి ముగించేశాడు. ఇప్పుడు ఈ పిల్లకి మతి లేదని ఏ మొహంతో చెప్పాలి? కూలినందుకు ఒక పాయింటు అదనంగా పోయింది కాబట్టి ఆయన లెక్క ప్రకారం పాయింట్లు సమానం. ఈ ఒక్క రౌండ్ ఎవరిదైతే బౌట్ వాళ్లది.

గంట మోగింది. హారతి లేచింది. తాకింది, వెనక్కి దూకింది. వీపుకి తాడు తగిలింది.

తువ్వాలు గాల్లో ఉంది.

డాక్టరు స్కాన్ చూసి తలకి ఏమీ కాలేదన్నాడు. హారతి ఆ కాగితం తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. "మీరు నన్ను నమ్మలేదు," అంది. అంతే. గోడౌన్‌కి రావడం మానేసింది.

మాస్టారు మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. ఆ రోజు బట్టలు మార్చుకునే గది బయట నాగదుర్గ ఆయన దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"నా మొదటి బౌట్‌లో నేనూ మూడో గంటకి చెయ్యి చాపానండి మాస్టారూ. మా కోచ్ గారూ లేసు లాగేశారు. అమెచ్యూర్ నుంచొచ్చే పిల్లలు శానామంది మూడుకే ఖాళీ అయిపోతారండి. అందుకే అందాకా తన్నులు తింటా కూర్చున్నాను."

ఆ నాలుగు ఓటముల్లో ఆమె నేర్చుకున్నది అదేనని మాస్టారికి అప్పుడు అర్థమైంది. గోడౌన్లో అందరూ నవ్వుకున్నది ఆమె చదువుకున్న ఆ చదువుని చూసి.

పోయిన ఆదివారం హారతి నుంచి మెసేజ్ వచ్చింది. మళ్లీ నాగదుర్గతోనే, మళ్లీ ఆరు రౌండ్లే, రేపే, రాజమండ్రిలో. "కార్నర్‌కి మీరే రావాలి మాస్టారూ. తువ్వాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి. అలా కుదరదంటే సత్యప్రసాద్ గారు వేరే ఎవర్నో పెడతానన్నారు."

ఆ వేరే ఎవరికో హారతి కళ్లు ఎప్పుడెలా ఉంటాయో తెలీదు. మాస్టారికి తెలుసు. తెలిసీ ఒకసారి తప్పు లెక్కపెట్టారు. తువ్వాలు లేకుండా వెళ్తే ఆ పిల్లని ఆపడానికి ఆయన చేతిలో ఏమీ ఉండదు. దాచి తీసుకెళ్తే రెండోసారి మాట తప్పినట్టే. అసలు వెళ్లకపోతే ఆ స్టూల్ దగ్గర ఎన్నో రౌండని అడిగేవాళ్లే ఉండరు.

మంచం మీద సంచి తెరిచి ఉంది. నీళ్ల సీసా, టేపు, నీలం సబ్బుపెట్టె సర్దేశారు. ఉతికి మడతపెట్టిన తువ్వాలు ఇంకా ఆయన ఒళ్లోనే ఉంది. పొద్దున్నే బస్సు.

మీరైతే దాన్ని సంచిలో పెడతారా, ఇంట్లో వదిలి వెళ్తారా?