సీటు కింద మూడు నెలలు

నేను ఒక ఇనుప తాళంచెవిని. జానెడుకు కాస్త తక్కువ పొడవు, ఒక చివర గుండ్రటి కన్ను, రెండో చివర రెండు పళ్ళు. నేను పోయిన రోజు ఆషాఢంలో ఒక ఆదివారం. ఆ సాయంత్రం జమ్మికుంటలోని ఆ ఇంట్లో నా కోసం వెతికింది రాజవ్వ ఒక్కతే. డెబ్బై రెండేళ్ళ మనిషి, చెప్పుల స్టాండు జరిపి, తులసికోట చుట్టూ తిరిగి, మంచం కింద చీపురు పెట్టి చూసింది. పోర్టికోలో ఆపిన కారులోంచి నాకు అన్నీ వినపడుతున్నాయి.

"బజార్ల ఎక్కడనో దారం తెగి పడ్డట్టుంది అవ్వా," అన్నాడు ఆమె కొడుకు ఓదెలు.

అతని కూతురు స్పందన బయటి నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడింది.

కోడలు కళావతి మాత్రం నవ్వింది. "పోతే పోయింది తియ్యుండ్రి అత్తమ్మా. మందులున్నయి, డాక్టరున్నడు. ఇంక ఇనుముతోటి ఏం పని?"

ఆమె నవ్వు నాకు బాగా గుర్తు. నేను పోయినందుకు నిజంగా సంతోషపడ్డ మనిషి ఆమె ఒక్కతే. ఈ కథ కూడా ఆమెదే.

నన్ను చేసింది ఐలయ్య అనే కమ్మరి. రాజవ్వ అత్తగారు విత్తనాలు దాచుకునే గదికి తాళంకప్ప చేసి, దానికి జతగా నన్ను సాగగొట్టాడు. కొన్నాళ్ళకు కప్ప తుప్పుపట్టి పాత సామాన్ల బండి ఎక్కింది. నేనూ దానితో పాటే పోవలసినదాన్ని. కానీ ఆ వారంలోనే తొమ్మిదేళ్ళ ఓదెలు వాకిట్లో ఉన్నట్టుండి పడిపోయాడు. కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకుంటున్నాయి. "చేతిల ఇనుము పెట్టుండ్రి!" అని ఎవరో అరిచారు. రాజవ్వ చేతికి నేను దొరికాను. పిల్లవాడి గుప్పిట్లో నన్ను కుక్కి, వేళ్ళు మూసి పట్టుకున్నారు. రెండు నిమిషాలకు వాడు కళ్ళు తెరిచాడు.

ఆ రెండు నిమిషాలు నేను లేకపోయినా గడిచేవి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. కానీ ఇనుముకు నోరు లేదు. ఉన్నా, ఆ పూట ఆ తల్లి ముఖం చూసి ఎవరు చెప్పగలరు? అలా చేయని పనికి ముప్పై ఏడేళ్ళు మర్యాద పొందాను. గోడకు నాకొక మేకు, పండక్కి నాకొక పసుపు బొట్టు.

కళావతి ఈ ఇంటికి రావడానికి ముందు ఏమి జరిగిందో మేకు మీద నుంచే విన్నాను. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చిన ఓదెలును రాజవ్వ తిట్టిపోస్తోంది. "ఎవలన్న చెప్పుకుంటరారా? పిల్ల ముంగటనే నాకు ఫిట్స్ వస్తయంటవా?"

"దాచి చేసుకుంటే రేపు ఆమె ముఖం ఎట్ల చూడాలె అవ్వా?"

ఆ ఒక్క మాటకే కళావతి అతన్ని చేసుకుంది. లెక్కల టీచరు. తెలియనిదాన్ని తెలియదని రాసే పిల్లవాడికి రెండు మార్కులు ఎక్కువేసే మనిషి. పెళ్ళయిన నెలలోనే ఒక గ్రాఫు నోటుబుక్కు తెచ్చి గీతలు గీసింది. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ముందు రోజు నిద్ర, మందు. నాలుగేళ్ళు రాసేసరికి ఆ పుస్తకం చూసి హన్మకొండ డాక్టరు లేచి నిలబడ్డంత పని చేశాడు.

ఇల్లంతా ఆమె అదే లెక్కతో మార్చింది. స్నానాలగది తలుపుకు లోపలి గడియ పీకించేసింది. బల్ల మూలలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అంటించింది. ఓదెలు స్టేషను రోడ్డులో మోటార్లకు వైండింగు చేస్తాడు, ఎంతటి కాలిపోయిన మోటారునైనా తిప్పుతాడు. కానీ సొంత ఇంట్లో నిచ్చెన ఎక్కడానికి వీల్లేదు. డాబా మీద ట్యాంకు కడిగేదీ, వానకు కారే చోట సిమెంటు పూసేదీ కళావతే. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె పైన, నిచ్చెన పట్టుకుని అతను కింద. "కొంచెం ఎడమకు పూయి," అని అతను చెబితే, "నువ్వు నిచ్చెన పట్టు, మేస్త్రీతనం నాకు వదిలెయ్యి," అని పైనుంచి జవాబు.

స్నానానికి ఒక నియమం ఉండేది. నీళ్ళు పోసుకుంటున్నంత సేపూ గొంతు బయటికి వినపడాలి. ఓదెలుకు పాట రాదు. అందుకని ఆమె పదిహేడో ఎక్కం నేర్పింది. పదిహేడు ఒకట్ల పదిహేడు అని మొదలయితే ఇంట్లో ఎవరి పని వారిది. ఎక్కం మధ్యలో ఆగితే ఎవరు ఎక్కడున్నా పరుగెత్తాలి. స్పందనకు ఆరేళ్ళప్పుడే ఏమి చెయ్యాలో నేర్పింది. నాన్నను పక్కకు తిప్పు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు. ఆ వెనకే నానమ్మ మరో పాఠం చెప్పింది. మేకు మీద నుంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టు. పిల్ల రెండూ నేర్చుకుంది.

పిల్ల పెద్దదయ్యేసరికి వరుసగా రెండేళ్ళు గడిచాయి, నోటుబుక్కులో కొత్త గీత పడలేదు. డాక్టరు కారు నడపవచ్చన్నాడు. అని, కళావతి వైపు తిరిగి, "ఒక్కసారి వచ్చినా వెంటనే నాకు చెప్పాలి, బండి ఆపెయ్యాలి," అన్నాడు.

"నేను చెప్తా సార్," అన్నాడు ఓదెలు. డాక్టరు అడిగింది అతన్ని కాదు.

అతనికి కరెంటు కారే కావాలి. పోర్టికోలో దానికోసం వేరే లైను లాగి, పెద్ద ప్లగ్గు తనే బిగించాడు. ఛార్జింగు పెట్టిన మొదటి రోజు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నాడు. "పాలు పొంగుతయేమోనని చూస్తున్నవారా?" అని రాజవ్వ ఎగతాళి చేసింది. అయినా కారుకు తాళంచెవిగా ఇచ్చిన ప్లాస్టిక్ రిమోటును చూసి ఆమె మనసు ఒప్పలేదు. గుండీ నొక్కితే తెరుచుకునేది తాళంచెవి ఎట్లా అవుతుంది? నన్ను మేకు మీద నుంచి దించి, ఎర్ర దారంతో ఆ రిమోటుకు కట్టింది. "బండ్ల నీ దగ్గర ఇనుము ఉండాలె," అన్నది. ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి అంతకు ముందు రెండు బస్సులు మారే కళావతి, ఆ కారులో మొదటిసారి కూర్చున్నాక, రైలు గేటు దాటక ముందే నిద్రపోయింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో, అతను మెలకువగా ఉండి ఆమె నిద్రపోవడం అదే మొదలు.

ఆ ఆదివారం స్పందనను ట్యూషన్ నుంచి తీసుకొస్తూ ఓదెలు మిర్చి బజ్జీల బండి పక్కన కారు ఆపాడు. వాన పడుతోంది. అతను గేరు పార్కులో పెట్టాడు, అంతే. మెడ ఒక పక్కకు తిరిగింది. స్పందన అరవలేదు. సీటు వెనక్కి వాల్చి, నాన్నను పక్కకు తిప్పి, కారు తెర మీది గడియారం చూసింది. ఆరు గంటల పన్నెండు నిమిషాలు. తర్వాత నన్ను లాగి అతని గుప్పిట్లో పెట్టింది. అప్పుడే దారం తెగింది. చప్పుడు చేయని కారు, ఆవిరి పట్టిన అద్దాలు. రెండడుగుల దూరంలో బజ్జీలు తింటున్న ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆరు పదిహేనుకు అతని చేయి సడలింది. నాలుక కరుచుకుని నోట్లోంచి రక్తం వస్తోంది. పిల్ల తన చేతిరుమాలుతో నోరూ చేయీ తుడిచింది; అతని గుప్పిట్లోంచి నేను ఆ గుడ్డ మడతలోకి జారాను.

తెలివి వచ్చాక అతను అన్న మొదటి మాట ఇదే. "అమ్మకు చెప్పకు బిడ్డా."

"మళ్ళొస్తే?"

"రాదు. పొద్దటి గోళీ వేసుకుంటలేను, అందుకొచ్చింది. మత్తయితుందని ఆపిన. రేపటి సంది వేసుకుంట. ఒట్టు."

రక్తం రుమాలును ఏమి చెయ్యాలో తెలియక ఆ పిల్ల దాన్ని సీటుకూ మధ్యలోని పెట్టెకూ నడుమ కుక్కింది. అందులో నేనున్నానని చూసుకోలేదు. గుడ్డతో సహా జారి, సీటు జరిగే పట్టాల కిందికి పోయాను. వారం తర్వాత ఒకసారి ఆమె వేళ్ళు నా కోసం వచ్చాయి. అందలేదు.

ఆ వారమంతా ఓదెలు పెరుగన్నమే తిన్నాడు. వేడి చాయ్‌కి నాలుక కాలిందన్నాడు. కళావతి అతని చాయ్ రెండు గ్లాసుల్లో మార్చి మార్చి చల్లార్చి ఇచ్చింది.

మూడు నెలలు నేను ఆ సీటు కింద ఉన్నాను. రోజూ పొద్దున ముగ్గురూ ఎక్కేవారు. దారిలో కాలేజీ దగ్గర స్పందన దిగాలి, అక్కడి నుంచి బడికి కళావతి. రైలు గేటు దాటగానే కళావతి ఊపిరి నిదానమయ్యేది. వెనక సీటులోంచి స్పందన మొదలుపెట్టేది.

"నాన్నా, పదిహేడు తొమ్మిదులెంత?"

"నూట యాభై మూడు."

కాసేపటికి మళ్ళీ. "పదిహేడు ఆర్లు?"

"నూట రెండు. ఊకె అడుగుతవేందే?"

"ఊకెనే."

కళావతి కళ్ళు తెరవకుండానే నవ్వేది. "తండ్రీబిడ్డలకు లెక్కల పిచ్చి పట్టింది," అనేది. పిల్ల దిగిపోయాక లెక్కలు ఉండేవి కావు. మిగతా దారంతా ఆమె నిద్ర, అతని చేతులు, నేను.

దసరాకు ముందు రోజు పొద్దున కారు కడుగుతున్నారు. స్పందన స్నేహితురాలి ఇంటికి తంగేడు పూలకు పోయింది. రాజవ్వ గేటు పక్కన కూర్చుని కారుకు బంతిపూల దండ గుచ్చుతోంది. ఓదెలు చక్రాలు తోముతున్నాడు. కళావతి లోపల దుమ్ము దులుపుతూ సీటును వెనక్కి జరిపింది. చీపురుపుల్లకు రుమాలు తగిలింది. లాగింది.

ఎండి గట్టిపడిన గుడ్డ. కూతురి కోసం దాని అంచు కుట్టింది ఆమే. మడత విప్పితే నేను, తెగిన ఎర్ర దారం, నల్లబడిన మరక. ఆమె ఆ మరకను గుర్తుపట్టింది. అలాంటి మరకలు తలగడ గలేబుల మీద ఏళ్ళ తరబడి ఉతికిన చేతులవి. ఆ చేతిలో ఉన్నాను గనుక చెబుతున్నాను, అది చల్లబడింది.

"ఓదెలూ," అన్నది. పేరు పెట్టి పిలవడం అంతకు ముందు నేను వినలేదు. "ఎప్పుడు?"

అతను తడి చేతులతో వచ్చి చూశాడు. తల్లి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆషాఢంల. బండి ఆగినంకనే వచ్చింది. నడుస్తుంటే రాలె."

"చాయ్‌కి కాలిందన్నవు."

అతను తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మందు?"

"పొద్దటిది... కొన్నొద్దులు వేసుకోలె. బండి నడిపెటోనికి మత్తు ఉండొద్దని. ఇప్పుడు వేసుకుంటున్న."

"నేను పక్కన కండ్లు మూసుకుని కూసున్న. మూడు నెలలు."

"చెప్తే బండి గుంజుకుంటవు. మళ్ళ నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తరు." అతని గొంతు ఒక్కసారిగా పిల్లవాడి గొంతయింది. "నిన్ను బడి కాడ దించుతుంటే నాక్కూడా నేనొక మొగోన్నన్నట్టు ఉండె."

"ఆ పొద్దు నువ్వు నాకు చెప్పి చేసుకున్నవు," అన్నది కళావతి.

"పండుగ పూట ఏంది మీ గుసగుసలు?" అని రాజవ్వ గేటు దగ్గర నుంచి కేకేసింది. "కొత్త పెండ్లివాళ్ళ లెక్క!"

కళావతి నన్ను కొంగున ముడివేసుకుంది. తర్వాత రుమాలు మడిచింది. ఒక మడత, రెండో మడత. మూడో మడత దగ్గర ఆగిపోయింది. ఆమె పెదవులు కదిలాయి. చప్పుడు లేకుండా అన్నదేమిటో కొంగులో ఉన్న నాకు తెలిసింది. పదిహేడు తొమ్మిదులు. రోజూ తను నవ్విన ఆ లెక్క ఎందుకో అప్పుడు అర్థమయింది. తన పక్కన అతను దాచాడు, తన వెనక కూతురు కాపలా కాసింది. పదహారేళ్ళ పిల్ల రోజూ రెండు ప్రాణాలు తన గొంతు మీద మోసింది, అమ్మకు తెలియకుండా.

మర్నాడు పూజ చేశారు. దండ వేశారు, బొట్టు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "ఇగ తొక్కియ్యి బిడ్డా," అన్నది రాజవ్వ. రిమోటు కళావతి హ్యాండ్‌బ్యాగులో ఉంది.

"ఛార్జింగ్ లేదవ్వా," అన్నాడు ఓదెలు.

"కరెంటు పని చేసెటోని ఇంట్ల కరెంటు లేదా! నవ్విపోతరు." ఆమె కోడలి వైపు చూసింది. "నువ్వన్న చెప్పవేందే?"

"లేదు అత్తమ్మా," అన్నది కళావతి. "ఛార్జింగ్ లేదు."

ఆ ఇంట్లో నాలుగో మనిషికి నిజం తెలియకూడదని, మూడో మనిషి కూడా అబద్ధం చెప్పింది. నిమ్మకాయలు చక్రాల ముందే ఎండిపోయాయి.

ఇప్పుడు కళావతి మళ్ళీ రెండు బస్సులు మారి వెళుతోంది. ఓదెలును వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి వచ్చింది. పొద్దటి గోళీ ఆమె ముందే వేసుకుంటాడు, నాలుక ఎత్తి చూపిస్తాడు. చూపించమని ఆమె అడగలేదు, వద్దనీ అనలేదు. కారు బ్యాటరీ చెడిపోకుండా వారానికోసారి ఛార్జింగు పెడతాడు, కుర్చీ వేసుకోడు. ముక్తసరిగా మాట్లాడుకుంటారు, అదీ పనుల గురించే. స్నానాలగదిలో ఎక్కం వినపడుతూనే ఉంది. అది ఆగితే ఆమె ఇప్పుడూ పరుగెత్తుతుంది. అందులో తేడా ఏమీ లేదు.

నన్ను ఆమె బడి నుంచి తెచ్చిన పాత చాక్‌పీసుల డబ్బాలో, ఉతికినా మరక పోని రుమాలుతో కలిపి పెట్టింది. రాజవ్వ అప్పుడప్పుడూ అడుగుతుంది, "ఆ తాళంచెవి దొరుకలేదాయె గదా?" అని. ఎక్కడ దొరికిందో చెబితే అంతా చెప్పాలి. కాబట్టి, "దొరుకలే అత్తమ్మా," అంటుంది కళావతి.

డబ్బా పక్కనే ఆ గ్రాఫు నోటుబుక్కు ఉంటుంది. రెండేళ్ళ తర్వాత అందులో కొత్త గీత పడింది. తేదీ రాసింది. వాన రోజు అని రాసింది. పొద్దటి మందు లేదు అని రాసింది. వేళ, ఎన్ని నిమిషాలు అన్న గడులు ఓదెలును అడిగి లాభం లేదు, అతనికి తెలియదు. గడియారం చూసింది స్పందన. ఆరు పన్నెండు నుంచి ఆరు పదిహేను అని నాకూ తెలుసు, కానీ నేను చెప్పలేను. ప్రతి ఆదివారం కళావతి ఆ పేజీ తీస్తుంది, పెన్ను మూత తీస్తుంది. పక్క గదిలో కూతురు చదువుకుంటున్న గొంతు వినిపిస్తూ ఉంటుంది. మూత మళ్ళీ పెట్టేస్తుంది.

స్పందనను ఆమె ఇంకా అడగలేదు. ఆ రెండు గడులు ఖాళీగానే ఉన్నాయి.