మూడో డబ్బా

నా నోరు మంచిది కాదని ప్రొద్దుటూరులో అందరికీ తెలుసు. జమ్మలమడుగు రోడ్డులో కార్లకు పాలిష్ పట్టే షాపు నాది. బండి పాడుచేసుకుని వచ్చినవాణ్ణి ముందు నాలుగు తిట్టి, తర్వాతే మిషను పట్టుకుంటాను. ఆ రోజు పొద్దున నారాయణ మామ నల్లకారు తెచ్చి నిలబెట్టగానే నాకు ఒళ్ళు మండింది. బానెట్ నిండా గీతలే గీతలు.

"ఎవురు మామా ఈ పని చేసింది? వాని చేతులిరగ!"

"మా మునెమ్మేనప్పా," అన్నాడు తల వంచుకుని.

మామ ఇరవై రెండేళ్లుగా పులివెందులలో రాఘవేంద్రప్రసాద్ గారి డ్రైవరు. సారు బెంగళూరు పోతూ నాలుగు రోజులు సెలవిచ్చి, బండి నీ దగ్గరే ఉంచుకోమన్నాడట. సొంతూరు కలమల్లలో ఇంటి ముందర నిలబెడితే దుమ్ము పట్టింది. సారు బండి తళతళలాడుతూ వెనక్కి పోవాలని మునెమ్మత్త కొబ్బరిపీచు, గిన్నెలు తోమే పొడి తీసుకుని ఇత్తడి బిందె తోమినట్టు తోమిపెట్టింది. పాపం, ప్రేమతో చేసిన పనే.

"గీతలు పడినాయని పక్కింటోళ్ళు చెప్తే ఉరికొచ్చినా. సారు సాయంత్రానికి వస్తాండాడు. ఇది చూసినాడంటే నా పని అయిపాయ. ఈ వయసులో నన్నెవురు పెట్టుకుంటారు నాసిరూ?"

నా దగ్గర మూడు డబ్బాలుంటాయి. మామకు వాటి సంగతి విడమరిచి చెప్పాను. మొదటిది గరుకు కాంపౌండు. పైపొరను సన్నంగా కోసి గీతను లేకుండా చేస్తుంది. రెండోది ఆ కోత వల్ల వచ్చిన మసకను తీస్తుంది. మూడోది ఉత్త మెరుపుకే, గీత జోలికి పోదు. గీతలు తియ్యకుండా అదొక్కటే వేస్తే, నల్లరంగు మీద అవి ఇంకా తేటగా కనిపిస్తాయి.

"మొదటిదే ఎయ్యప్పా. నీకు పుణ్యముంటాది."

నాకొక పద్ధతుంది. ముందు జానెడు చోటు పట్టి, బండిని ఎండలోకి తోసి, తెచ్చినాయనకు చూపిస్తాను. ఆయన సరే అన్నాకే మిగతాది. బానెట్ నడుమ టేపు అంటించి, ఎడమ పక్క జానెడు చోట మొదటి డబ్బా, దాని మీద రెండోది పట్టాను. గీతలు చక్కగా పోయాయి. నాకే ముచ్చటేసింది. టేపు పీకి, బండి ఎండలోకి తోశాను.

"చూడు మామా, ఏ పక్క బాగుండాది?"

మామ వంగి చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఇదప్పా! అద్దం మాదిరి వచ్చింది. నీ చెయ్యి బంగారం!"

ఆయన వేలు కుడి పక్కన ఉంది. నేను తాకనే తాకని చోట.

"తమాషా చేస్తాండావా నాతో?" అన్నాను. ఆయన నవ్వాడు. నేను మాట్లాడకుండా మూడు వేళ్ళు ఎత్తి ఆయన మొహం ముందు పెట్టాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"మామా, నీకు కండ్లు కనపడవా?"

నవ్వు పోయింది. "షుగరప్పా. కంటిలోపల నరాలు పోయినాయంట, ఇంగ రావంట. నడుమంతా మబ్బు. అంచుల్లో కొంచెం కనపడతాది. ఎవురికీ చెప్పాకు."

"మరి బండి ఎట్ల తోలుతాండావు?"

"రోజూ తిరిగే రోడ్డే గదా, నోటికొచ్చు. సారు మనవరాలు చందనను ఇస్కూల్లో దింపేది నేనే. దానికి ఏడేండ్లు. నేను లేకుంటే బండెక్కదు."

"బుద్ధుందా నీకు? పసిబిడ్డను ఎక్కించుకుని గుడ్డిగా తోలుతావా?" అని అరిచాను.

"మానేసి ఏం జేయల్ల, నువ్వే చెప్పు," అన్నాడు మెల్లగా. "ఇంట్లో గోడ చూస్తా కూసోవాలంటే అది గూడా కనపడదు గదా."

మామను నీడలో కూర్చోబెట్టి లోపలికి పోయాను. మొదటి డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మధ్యాహ్నానికల్లా బానెట్ కొత్తదైపోతుంది. మామ పని నిలబడుతుంది. రేపు పొద్దున చందన బండెక్కుతుంది.

సారుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ మామ నోట్లో నా చేత్తో మన్ను కొట్టడానికి ధైర్యం చాలలేదు. పిరికితనమే, ఒప్పుకుంటాను. ఆ మాటేదో గీతలే సారుకు చెప్పనీ అని, మొదటి డబ్బా కింద పెట్టి, మూడోది తీశాను.

రెండు గంటలు మిషను తిప్పాను. మామ ఆ చప్పుడు వింటూ తృప్తిగా కూర్చున్నాడు.

"పోయినాయా అప్పా?"

"పోయినాయి మామా."

నాకూ పులివెందులలో పనుందని చెప్పి, బండి నేనే తోలాను. మామ పక్కన కూర్చుని హుషారుగా దారి చెప్పాడు. "ముద్దనూరు దాటినాక ఎడం పక్క గుంతుంటాది, చూసి పో." నిజంగానే ఉంది. నా మనసు పీకింది. ఇంకొంచెం పోయాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద నిలబడింది. నేను బ్రేకు తొక్కితే, "ఏందప్పా, ఎందుకు ఆపితివి?" అన్నాడు.

పులివెందులలో ఆ ఇంటి ముందు ఆపేసరికి పడమటి ఎండ నేరుగా బానెట్ మీద పడుతోంది. ప్రతి గీతా లేచి కనిపిస్తోంది. ఎడమ పక్క నేను ముందు పట్టిన జానెడు చోటు మాత్రం అద్దంలా ఉంది. మామ తాళాలు తీసుకుని, నాకంటే ముందు దిగాడు. సారు చందనను వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు.

"చూడండి సార్, కొత్త బండి మాదిరి చేయించినా!"

సారు బానెట్ వైపు చూశాడు, మామ వైపు చూశాడు. మళ్ళీ బానెట్ వైపు చూశాడు. ఆయన చెయ్యి చందన భుజం మీద బిగుసుకుంది.

"నారాయణా, ఇవి నీకు కనపడ్లేదా?"

మామ చెయ్యి చాచి బానెట్ తడిమాడు.

"తాళాలియ్యి."

మామ తాళాలు చాచాడు. సారు చెయ్యి ఒక పక్కనుంటే ఆయన ఇంకో పక్కకు చాచాడు. సారు జరిగి తీసుకున్నాడు. "నారాయణ తాత మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అని చందన అడుగుతుంటే మేము గేటు దాటాం.

బస్సెక్కేటప్పుడు మెట్టు నేనే చూపించాను. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు మామ అడిగాడు.

"నాసిరూ, ఏ డబ్బా ఏసినావు?"

"మూడోది మామా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మొదటిది గూడా ఉండె గదప్పా, నీ దగ్గర," అన్నాడు.