అడగకుండా ఇచ్చిన ట్యూబు

మందుల షాపులో పద్నాలుగేళ్ళుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. నా నోటికి జడిసి సగం మంది పక్క షాపుకి పోతున్నారని మా ఓనరు గొణుగుతాడు. పోనివ్వండి. ఎవరో ఫోన్లో చెప్పారని ఏది పడితే అది మొహానికి పూసుకుని, ఊడిపోయిన తోలుతో మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

ఆ మధ్యాహ్నం మా చెల్లెలు వచ్చింది. బుగ్గల మీద మంగు మచ్చలు, చేతిలో నాలుగు పేర్లు రాసుకున్న కాగితం. "అక్కా, ఇవన్నీ విటమిన్ ఎ యే అంటారు కదా. మరి ఇన్ని పేర్లేంటి? ఏది మంచిది?" అంది.

నాకు భలే హుషారొచ్చింది. పిల్లల కోసం ఏడేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మనిషి. సూదులు, స్కానింగులు తప్ప వేరే మాటే ఉండేది కాదు. పోయినేడాది విసిగిపోయి ఆ తిరుగుడు మానేసింది. ఇన్నాళ్ళకి అద్దంలో మొహం చూసుకుందని సంబరపడిపోయాను.

"పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అనుకో," అన్నాను. "చర్మానికి పనికొచ్చేది చివర్న ఉన్న నెయ్యే. రెటినిల్ పాల్మిటేట్ అని రాసుందా, అది పాలు. చర్మం దాన్ని తోడుపెట్టి, చిలికి, కాచేసరికి మిగిలేది చెంచాడు. మొహమూ మండదు, మచ్చా పోదు. రెటినాల్ పెరుగు. నెలల తరబడి ఓపిక పట్టాలి. రెటినాల్డిహైడ్ వెన్న, ఇంకొక్క మెట్టే. ట్రెటినోయిన్ కాచిపెట్టిన నెయ్యి. అది మాత్రం డాక్టరు చీటీ లేందే ఇవ్వను, నా చెల్లెలివైనా సరే."

"ఇవ్వమని నిన్నెవరడిగారు తల్లీ!" అని నవ్వింది.

"నీకు వెన్న చాలు. వారానికి రెండుసార్లు, బఠాణీ గింజంత. పగలు సన్‌స్క్రీన్ రాసుకోవాలి. రాసుకోలేదో, మచ్చలు రెట్టింపై నా ప్రాణం తోడేస్తావు."

ట్యూబు కవర్లో వేసిచ్చాను. తీసుకుని కూడా కదల్లేదు. "అంతేనా అక్కా? ఇంకేం లేదా?" అంది.

"ఇంకేముంటుందే? ఇంటికెళ్ళి నిద్రపో. ఆ కళ్ళ కింద నలుపు చూడు," అని కసిరాను. వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా చెల్లెలి మొగుడు, మా మరిది ఫోను చేశాడు. "వదినా, పొద్దున్న బాగా నెత్తురు పోయింది. ఆసుపత్రికి తీసుకొచ్చాను. రెండు నెలలు దాటిందట. నాకూ తెలీదు వదినా. కడుపు నిలవలేదన్నారు." ఆ తర్వాత ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. విటమిన్ ఎ ట్యూబు ఏదైనా సరే, ఆడవాళ్ళకి ఇచ్చేముందు "కడుపుతో ఉన్నారా, ఆ ఆలోచన ఏమైనా ఉందా" అని అడుగుతాను. ఆ సమయంలో వాడకూడదు. కాలేజీకెళ్ళే కూతురున్నావిడని అడిగి చీవాట్లు తిన్నాను, అయినా మానలేదు. మా చెల్లెల్ని మాత్రం అడగలేదు. మర్చిపోయి కాదు. మాట నోటిదాకా వచ్చింది. మానుతున్న పుండుని కెలకడమెందుకని మింగేశాను.

ఆసుపత్రి వరండాలోనే డాక్టరమ్మని పట్టుకున్నాను. ట్యూబు సంగతంతా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, పైపూత నెత్తుర్లోకి వెళ్ళేది చాలా తక్కువనీ, జాగ్రత్త కోసమే మానమంటామనీ, ఇది దానివల్ల అయిందనుకోవద్దనీ చెప్పింది. అవన్నీ నాకూ తెలుసు. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను.

మరిది మందులు తేవడానికి కిందికెళ్ళాడు. నేను మంచం పక్కన కూర్చుని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. "ఆ ట్యూబు వల్ల కాదటే," అన్నాను.

"నాకూ చెప్పారు. నేనడిగేది అది కాదు," అంది. గొంతు పీలగా ఉంది. "దారిన పోయేవాళ్ళందర్నీ అడుగుతావు. నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు బాధపడతావని."

"ఆ రోజుకి నాకు తేదీ దాటి తొమ్మిది రోజులైందక్కా."

దాని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"పరీక్ష చేసుకోవాలంటే భయమేసింది. ఎన్నిసార్లు చూసుకుని ఏడ్చానో నీకు తెలుసుగా. ఆయనకీ చెప్పలేదు. నీ దగ్గరికొస్తే ఎలాగూ అడుగుతావు, అప్పుడు చెబుదామనుకున్నా. అందుకే ఆ కాగితం రాసుకుని వచ్చా. నువ్వు మచ్చల గురించి చెప్పి పంపించేశావు. అక్కకే లేని ఆశ నాకెందుకని, ఆ రాత్రే ఆ ట్యూబు మొహానికి పూసుకున్నా."

దేవుడా! నా నోరు పడిపోయినా బాగుండేది. ఊరందరి మీదా పారేసుకున్న నోరు, నా చెల్లెలికి కావలసిన ఒక్క మాట దగ్గర మూతపడింది.

"నిజం చెప్పక్కా," అంది. "ఉండొచ్చేమో అని ఒక్కసారైనా అనిపించలేదా నీకు?"

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు. నేను ఒక్కటాడితే సరిపోయేది. చెల్లెలు నా కళ్ళలోకే చూస్తోంది.

"లేదమ్మా," అన్నాను.

చూపు పైకప్పు మీదికి తిప్పుకుంది.

"అయితే ఆ బిడ్డ కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నేనన్నమాట," అంది. నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది.