సేబతి కూర్చునే బల్ల

బైధర్ పడవలో ఊరిన నీళ్లు డబ్బాతో తోడి పోశాడు. మంచుకు తడిసిన బల్లలు పాత లుంగీతో తుడిచాడు. ముందు బల్ల మాత్రం రెండుసార్లు తుడిచాడు. అక్కడ బడిపిల్లలు కూర్చుంటారు. బట్టలకు మరక అంటితే అవతలి ఒడ్డుదాకా గొణుగుతూనే ఉంటారు.

చిలికా సరస్సు మధ్యనున్న ఆ లంకలో బడి ఏడో తరగతితో సరి. ఆపైన చదవాలంటే పడవ ఎక్కాల్సిందే. బైధర్ భార్య తులస బతికున్నన్నాళ్లూ అతనితోపాటు పడవలో కూర్చుని, వల అల్లుకుంటూ పిల్లలకు తోడొచ్చేది. మొన్న వానాకాలంలో జ్వరంతో పోయింది. అప్పటినుంచి పదో తరగతి పిల్లలు సేబతి, ఝునూ ఒకరికొకరు తోడు. నిన్న ఝునూ కుట్టుపనికని తిరుప్పూరు రైలెక్కింది.

సేబతి చేతులు ఊరుకోవు. పాఠం వల్లిస్తూనే నీళ్లు తోడేది. ఓ రోజు డబ్బా జారిపోకుండా జడ రిబ్బను విప్పి దాన్ని పడవకు కట్టింది.

"పంతులమ్మ తిట్టదూ?" అన్నాడు బైధర్.

"డబ్బా పోతే నువ్వు తిడతావుగా తాతా. ఆవిడే నయం."

ఈవేళ పొద్దెక్కింది. సేబతి రాలేదు. ఆమె తల్లి కుంతల వచ్చింది, చంకలో రొయ్యల బుట్టతో.

"అది ఇక రాదు మామా. నువ్వెళ్లు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇద్దరుంటే వేరు. ఒక్క ఆడపిల్లని నీళ్లమీదికి ఎట్లా పంపను?"

"నాతోనే కదమ్మా. నిన్ను ఈ లంకకి కోడలిగా తెచ్చింది ఈ పడవే."

"నిన్నెవరన్నారు? ఊరి నోరు నీకు తెలీనిదా? తులసత్త ఉంటే పంపేదాన్నే."

"పోనీ, నువ్వొచ్చి కూర్చో."

"ఈ రొయ్యలు ఎవరు ఒలుస్తారు? నువ్వా?"

కుంతల నవ్వబోయి ఆగింది. వెనక గుడిసె తడిక చాటున తెల్ల చున్నీ కదిలింది.

"పరీక్షలు దగ్గరకొచ్చాయి కుంతలా."

"తెలుసు," అని బుట్ట ఇంకో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

బైధర్ కాసేపు తడికకేసి చూసి, అవతలి ఒడ్డున ఎక్కేవాళ్లకోసం గెడతో పడవ తోశాడు. ముందు బరువు లేక పడవ ముక్కు పైకి లేచి గాలికి తిరిగిపోతోంది. లంగరు రాయి ఎత్తి ముందు బల్లమీద పెట్టాడు. పడవ కుదురుకుంది.

సగం దూరం పోయాక పాదాలకు చల్లగా తగిలింది.

"సేబతీ, నీళ్లు," అన్నాడు, గెడ మీదినుంచి కళ్లు తిప్పకుండానే.

రాయి దగ్గర, ఊరిన నీళ్లలో, ఎర్ర రిబ్బను చివర డబ్బా అటూ ఇటూ ఊగుతోంది.