లేత్ మిషను కాలి కింద కాగితం

కొత్త లేత్ మిషను మా షెడ్డుకి వచ్చిన రోజున నేను దాని ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ముప్పై ఏడేళ్లు పాత మిషను మీద ఇనుము తిప్పి చెక్కుతూ బతికినవాణ్ణి. దాని స్పీడు మార్చాలంటే తిరుగుతున్న బెల్టుని చేత్తో ఒక పుల్లీ మీంచి ఇంకో పుల్లీ మీదకి తోయాలి. కరెంటు ఆపి, బెల్టు సర్ది, మళ్లీ కరెంటు వేసేవాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చేది. కొత్తదానికి ఆ విద్యే అక్కర్లేదు. గోడకి డ్రైవ్ అని ఒక పెట్టె బిగిస్తారు. దాని మీది నాబ్ తిప్పితే మోటారు దానంతటదే నెమ్మదిస్తుంది, దానంతటదే వేగం పుంజుకుంటుంది.

కొన్నది మా తమ్ముడు ముస్తాక్. నాకన్నా పదకొండేళ్లు చిన్నవాడు. ఒక్క మాట అడగకుండా విజయవాడ వెళ్లి బేరం చేసుకుని వచ్చాడు. ఎందుకురా అంటే, "కాలం మారింది భాయ్" అన్నాడు. నలుగురిలో గొప్ప కోసం కొన్నాడనుకున్నాను. పదిహేను రోజులు వాడితో ముక్తసరిగానే మాట్లాడాను.

మా షెడ్డు చల్లపల్లిలో, కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది. కొత్త మిషను పాతదానికన్నా రెండడుగులు పొడవు. అందుకని కాలవ వైపు గోడ పగలగొట్టి, షెడ్డుని మూడడుగులు ముందుకి పెంచి, అక్కడ కొత్తగా కాంక్రీటు పోయించాం. మిషను తలకాయ పాత గచ్చు మీద, తోక కొత్త గచ్చు మీద కూర్చున్నాయి. అది నడి మే నెల. గునపం వేస్తే నేల ఖంగుమంది. మిషనుకి ఆరు కాళ్లు. ఒక్కో కాలి కింద ఇనప బిళ్ళ, ఎత్తు సరిచేసుకునే నట్టు ఉన్నాయి. ఆ రోజు నేనే మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి చూశాను. బుడగ నట్టనడుమ నిలబడింది. ఎంత కోపంగా ఉన్నా అబద్ధం చెప్పలేం కదా, బాగానే కూర్చోబెట్టారు.

మొదటి నెల బాగానే నడిచింది. జూన్ నెలాఖరులో మొదలైంది గొడవ. పొలాల్లో నీళ్లు తోడే పంపు షాఫ్టు ఒకటి తిప్పుతుంటే మిషను సన్నగా వణికింది. షాఫ్టు దింపి వెలుగులో పెట్టి చూశాను. అద్దంలా ఉండాల్సిన ఉక్కు మీద సన్నటి అలలు. గోరు ఆనిస్తే కిరకిరమంది. ఇంకోటి తిప్పాను, అంతే. వారంలో నాలుగు షాఫ్టులు చెడిపోయాయి.

ఇంకొకరైతే మిషను వాళ్లకి ఫోన్ చేసి నాలుగు తిట్టి ఊరుకునేవారు. నాకు ఆ ధైర్యం లేకపోయింది. ఎందుకంటే అప్పటికి ఏడాదిగా నా కుడిచెయ్యి వణుకుతోంది.

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ దిల్షాద్‌కి కూడా చెప్పలేదు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. మనుషులుంటే కుడిచెయ్యి జేబులో పెట్టుకునేవాణ్ణి, లేదా నూనెగుడ్డ చుట్టుకుని ఏదో తుడుస్తున్నట్టు నటించేవాణ్ణి. చెయ్యి పోతే లేత్ నడిపే టర్నర్‌కి ఇంకేం మిగులుతుంది. ఇప్పుడు ఆ అలలు మిషనువా, నావా? మిషనువని తేలితే నేనింకా పనివాణ్ణే. కాదంటే ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవాలి. అందుకే రోజుకి పదిసార్లు అనేవాణ్ణి, "డ్రైవులోనే తేడా ఉందిరా. ఆ పెట్టె నాకు మొదట్నుంచీ నచ్చలేదు" అని.

ముస్తాక్ వారం రోజులు విని, చివరికి విజయవాడ గవర్నర్‌పేటలో డ్రైవులు అమ్మే షాపుకి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే బస్సు దిగి జ్ఞానేశ్వరి అని ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన లాప్‌టాప్ బ్యాగు, చేతిలో మీటరు. ఈ పిల్లేం చేస్తుందిలే అనుకున్నాను. ఆ మాట తప్పని ఒప్పుకోవడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు.

ఆ అమ్మాయి ముందు డ్రైవు జోలికి పోలేదు. వంగి మోటారు మీది రేకు తుడిచి, దాని మీద కొట్టిన అంకెలన్నీ కాగితం మీద రాసుకుంది. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు. తర్వాత డ్రైవులో ఉన్న అంకెలు తీసి పక్కన పెట్టుకుంది. ఒక్కటీ కలవలేదు.

"మీ మోటారేదో దీనికెవరూ చెప్పలేదండీ. ఫ్యాక్టరీలో పెట్టిన అంకెలే ఉన్నాయి. ఇంకేదో మోటారనుకుని నడిపేస్తోందండీ ఇన్నాళ్లూ."

"చూశావా, నే చెప్పలా?" అన్నాను ముస్తాక్‌తో. ప్రాణం లేచొచ్చింది.

ఆ అమ్మాయి అంకెలన్నీ మార్చింది. బెల్టు విప్పించి మోటారుని విడిగా పెట్టించింది. "ఇప్పుడు దగ్గరికి రాకండి. మోటారుని కొలుచుకుంటుంది" అని ఒక బటన్ నొక్కింది. మోటారు తిరగలేదు. ఉన్నచోటే సన్నగా మూలిగింది. ఆ మూలుగు కాసేపు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. గోడ మీది పెట్టె తీగల గుండా వెళ్లి, లోపల చుట్టిన రాగి ఎంతుందో, ఎలా ఉందో తడిమి తెలుసుకుంటోందట. నిమిషం తర్వాత తెర మీద కొత్త అంకెలు వరసగా వచ్చాయి. ముప్పై ఏడేళ్లలో నేనొక్క మోటారు లోపలికీ తొంగి చూడలేదు. ఈ పెట్టె కళ్లు లేకుండానే చూసేసింది. అన్నాళ్లు దాన్ని తిట్టినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

బెల్టు వేసి నడిపాం. నిన్నటిదాకా గురగురమన్న మోటారు ఇప్పుడు తిరుగుతున్నట్టే లేదు. సంబరంగా కొత్త షాఫ్టు బిగించాను. తిప్పి దింపి చూస్తే మళ్లీ అలలు. కొంచెం తగ్గాయి, పోలేదు.

జ్ఞానేశ్వరి నాబ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతి స్పీడు దగ్గరా మిషను మీద అరచెయ్యి పెట్టి చూసింది. "నాలుగొందల చుట్ల దగ్గరే వణుకుతోందండీ. కిందా లేదు, పైనా లేదు. మోటారు విడిగా తిప్పితే అక్కడ కూడా వణకట్లేదు. కాబట్టి మోటారుదీ కాదు, డ్రైవుదీ కాదు. కావాలంటే ఆ స్పీడు దగ్గర ఆగకుండా దాటేసేలా డ్రైవులో పెట్టేస్తాను."

"పెట్టెయ్యండమ్మా" అన్నాడు ముస్తాక్.

"వద్దు" అన్నాను. "ఈ పంపు షాఫ్టులకి కావాల్సిందే నాలుగొందలు. జబ్బుని దాటేసి పోతే జబ్బు తగ్గినట్టా? ఎక్కడుందో వెతకండి."

నా గొంతు పెద్దదైంది. ముస్తాక్ నేల చూపులు చూస్తూ మెల్లిగా అన్నాడు. "భాయ్, మిషన్ది కాదేమో."

అంతే. వాడి చూపు ఒక్కసారి నా కుడిచేతి మీదకి వెళ్లి పక్కకి తప్పుకుంది. నేను ఆ చేతిని జేబులో పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. షెడ్డు మధ్యలో బట్టల్లేకుండా నిలబెట్టినట్టయింది.

"అయితే టూలు నువ్వే కట్టు. ఆటో ఫీడు నువ్వే వెయ్యి" అన్నాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరకి పోయి నిలబడ్డాను. ముస్తాక్ ఉక్కుని చెక్కే టూలు బిగించాడు, ఆటో ఫీడు వేశాడు. టూలు దానంతటదే షాఫ్టు వెంట నడిచింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. షాఫ్టు దింపి వాడు గోరు ఆనించి చూశాడు. "ఉన్నాయి భాయ్" అన్నాడు. ఆ మాటకి నేను పొందినంత ఆనందం మా పెళ్లిరోజున కూడా పొందలేదేమో.

కానీ మరి వణుకు ఎక్కణ్ణుంచి వస్తోంది? ముగ్గురం మిషను చుట్టూ తిరిగాం. షాఫ్టుని పట్టుకునే చక్ చూశాం, బేరింగులు చూశాం, బెల్టు మార్చాం. పన్నెండయింది. పక్క టీ కొట్టు సంపూర్ణమ్మ టీలు తెచ్చింది. రోజూ పదిన్నరకల్లా తెచ్చే మనిషి.

"ఇంత ఆలస్యమైందేంటి?" అన్నాను విసుగ్గా.

"ఏం చేయమంటారు సాయిబుగారూ. కొట్టు తలుపు పట్టేసిందండి. కాలవొచ్చిన కాణ్ణుంచీ ఇదే గోల. నేల పొంగింది, గడప లేచింది. ఏటా ఉండేదేగా. మా అబ్బాయొచ్చి చిత్రిక పడితేగానీ తెరుచుకోలేదు."

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది నాకు.

మాది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది, నీళ్లొస్తే పొంగుతుంది. ఈ డెల్టాలో పశువుల పాక వేసేవాడు కూడా ఆ మట్టి తవ్వి పారేసి ఇసుక నింపుతాడు. మా ఇంటికి నేనే దగ్గరుండి నాలుగడుగులు ఇసుక పోయించాను. షెడ్డు పాత గచ్చు కింద మా నాన్న పోయించాడు. మిషను కోసం పెంచిన మూడడుగులకి మాత్రం ఇద్దరమూ ఇసుక మాటే ఎత్తలేదు. మే నెలలో గునపం ఖంగుమంటే ఇంకేం కావాలనుకున్నాం. పైగా టన్నున్నర బరువున్న ఇనుము దాని మీద కూర్చుంటోంది. దాన్నేది కదుపుతుంది అనుకున్నాం.

"లెవెల్ తీసుకురారా" అన్నాను.

మిషను వీపులాంటి బెడ్డు మీద తలకాయ వైపు లెవెల్ పెట్టాను. బుడగ నడుమనే ఉంది. తోక వైపు పెట్టాను. ఒక పక్కకి పోయి అంచుకి అతుక్కుపోయింది. జ్ఞానేశ్వరి అంకెలు రాసుకున్న కాగితం తీసుకుని నేల మీద బోర్లా పడుకున్నాను. తలకాయ కింద, వెనకవైపు లోపలి కాలి దగ్గర ఆ కాగితాన్ని తోశాను. ఇనప బిళ్ళకీ గచ్చుకీ మధ్య అది సులువుగా దూరిపోయింది. తోక వైపు గచ్చు లేవడంతో ఆ మూల మిషను గాల్లో ఉంది.

అలాగే పడుకుని ఉండిపోయాను. చెంప గచ్చుకి ఆనింది. కింద చల్లగా ఉంది. ఎక్కడో పడమటి కనుమల్లో పడిన వాన. శ్రీశైలం దాటి, సాగర్ దాటి, బెజవాడ బ్యారేజీ దగ్గర తూముల్లోంచి మళ్లి, అరవై కిలోమీటర్లు కాలవలో నడిచి, మా గోడ కింద నుంచి చప్పుడు లేకుండా లోపలికి వచ్చింది. మట్టిని తడిపింది. మట్టి ఊపిరి పీల్చుకుంది. క్రేను పెట్టి ఎనిమిదిమంది తాళ్లు పట్టుకుంటే దిగిన మిషనుని ఒక్క కాగితం మందం పైకెత్తి పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం మందాన్నే ఉక్కు మీద అలలుగా రాసి చూపించింది మిషను. నాకు ఒళ్లు జలదరించింది. భయం కాదు. ఎంత పెద్దదాని ఒళ్లో కూర్చుని మనం చిన్నచిన్న బోల్టులు బిగించుకుంటున్నామో అనిపించింది.

"బాబాయ్‌గారూ, బానే ఉన్నారా?" అంది జ్ఞానేశ్వరి.

"బ్రహ్మాండంగా ఉన్నానమ్మా."

పెద్ద స్పానరు నేనే పట్టాను. బరువైన పనికి నా చెయ్యి వణకదు, అదేం చిత్రమో. ఆ అమ్మాయి బుడగని చూస్తూ చెబుతుంటే ఒక్కో నట్టూ పావు చుట్టు, అర పావు చుట్టు తిప్పాను. బుడగ రెండు చివరలా నడుమకి వచ్చేసరికి మూడయింది. ముస్తాక్ షాఫ్టు బిగించి నాలుగొందల మీద తిప్పాడు. దింపి నా చేతికిచ్చాడు. అందులో కిటికీ కనిపించింది, కిటికీలో కాలవ గట్టు కనిపించింది. గోరుకి ఏమీ తగల్లేదు.

కొత్త మిషను కుదురుకుంటే టర్నర్లు ఒక పని చేస్తారు. అది తిరుగుతుండగానే తలకాయ మీద రూపాయి బిళ్ళని అంచు మీద నిలబెడతారు. పడకపోతే మిషను మంచిదని లెక్క. నిలబెట్టేది షెడ్డులో పెద్ద పనివాడే. ముస్తాక్ జేబులోంచి బిళ్ళ తీసి నాకిచ్చాడు.

నాలుగొందల మీద మిషను తిరుగుతోంది. బిళ్ళ పెట్టాను. పడింది. మళ్లీ పెట్టాను. వేలు వదలక ముందే పడింది. మూడోసారి వేళ్లలోంచే జారి గచ్చు మీద దొర్లింది. మిషనులో చిన్న అదురు కూడా లేదు. ముగ్గురికీ కనిపిస్తోంది అదురు ఎక్కడుందో. పొద్దున్నుంచీ మిషను తప్పు వెతికించింది నేనే. ఇప్పుడు దాని తప్పేమీ లేదు. దాక్కోవడానికి నాకు చోటు లేదు.

"నువ్వు పెట్టరా" అన్నాను ముస్తాక్‌తో. "నా చెయ్యి బాలేదు. ఏడాది నుంచీ బాలేదు."

వాడు వంగి బిళ్ళ తీసి, ఒక్కసారికే నిలబెట్టాడు. అది నిలబడింది.

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, షెడ్డులో ఎప్పుడూ తెలుగే. మా నాన్న పెట్టిన పద్ధతి అది. ముస్తాక్ నా దగ్గరకొచ్చి, మొదటిసారి షెడ్డులో ఇంటిభాషలో, చాలా మెల్లిగా అన్నాడు.

"తెలుసు భాయ్. పోయిన రంజాన్‌కి ముందు పాత మిషను మీద బెల్టు తోస్తుంటే చూశాను. నీ చెయ్యి పుల్లీలోకి పోబోయింది, నువ్వు చూసుకోలేదు. అందుకే, బెల్టు ముట్టుకోనక్కర్లేని మిషను కొన్నాను."