వేదిక మీది నాన్న

ఆ వారమంతా టైలరమ్మ కుట్టుమిషను తొక్కుతుంటే ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది. నోరు విప్పి అరవలేని కోపమంతా కాళ్లలోకి దిగింది మరి.

చర్చిలో కుటుంబ వారోత్సవాలు జరుగుతున్నాయి. పేరుకే కుటుంబం. సోమవారం పురుషుల కూటం, మంగళవారం స్త్రీల కూటం, బుధవారం యువతకు, గురువారం పిల్లలకు, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఏ ఇంట్లోనూ నలుగురూ ఒక్కచోట కూర్చున్న పూట లేదు.

టైలరమ్మ భర్త పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. సాయంత్రం ఐదింటికి పని ముగించుకుని నేరుగా చర్చికే వెళ్తాడు. సంఘానికి సెక్రటరీ ఆయనే, పాటల బృందంలో ఆయనే, భవన కమిటీలో ఆయనే, రోగులను పరామర్శించే కమిటీలోనూ ఆయనే. ఎవరికి పడిశం పట్టినా సెక్రటరీగారు వెళ్లి ప్రార్థన చేయాల్సిందే. సొంత కూతురికి కళ్లజోడు వచ్చి పదకొండు రోజులైంది. ఆ సంగతి ఆయన కంటపడలేదు.

శనివారం నాటకం. పేరు ‘దీవెన గల ఇల్లు’. అందులో తండ్రి వేషం సెక్రటరీగారిది. బట్టలు కుట్టింది టైలరమ్మ. అంతటితో పోలేదు. వేదిక మీదికి భోజనాల బల్ల కావాలని ఆయన ఇంట్లో ఉన్న ఒక్క బల్లనూ మూడు రోజుల ముందే బండెక్కించాడు. అప్పటి నుంచీ తల్లీకూతుళ్లు నేల మీదే తింటున్నారు.

నాటకం మొదలైంది. హాలు కిక్కిరిసి ఉంది. సెక్రటరీగారు తన బల్ల ముందు కూర్చుని, కూతురి వేషం వేసిన పాటల బృందం పిల్లకు పళ్లెం జరిపి, తల నిమిరి అడిగాడు. “ఇవాళ బళ్లో ఏం నేర్చుకున్నావు బంగారూ? అన్నీ చెప్పు, నాకేం తొందర లేదు.”

జనం కళ్లు తుడుచుకున్నారు. టైలరమ్మ పక్కన కూర్చున్న కూతురు మెల్లగా అడిగింది. “అమ్మా, నాన్నకి ఇలా మాట్లాడటం ఎవరు నేర్పారు?”

అరికాలి మంట నెత్తికెక్కింది. టైలరమ్మ లేచి, గబగబా మెట్లెక్కి, బల్ల మీది పళ్లాలు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

“ఏమిటే ఇది? జనం చూస్తున్నారు!” అన్నాడు భర్త పళ్ల బిగువున.

“చూడనివ్వండి. బల్ల నాది. తీసుకెళ్తున్నాను.”

పాస్టరు అయ్యగారు ముందు వరుసలోంచి లేచాడు. “అమ్మా, ఇంకో పది నిమిషాలేగా. అయిపోయాక తీసుకెళ్దురుగాని.”

“పది నిమిషాలా అయ్యగారూ? ఈయన ఇంట్లో కూర్చుని తిని ఎన్ని నెలలైందో తెలుసా మీకు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరేమో ఇంటిని ఖాళీ చేసి, దాని బొమ్మని ఇక్కడ నిలబెట్టారు!”

టైలరమ్మ బల్లను ఒక పక్క ఎత్తింది. ఒక్కదాని వల్ల ఎక్కడవుతుంది? అప్పుడు లేచింది అయ్యగారి భార్య. అందరూ అమ్మగారు అని పిలుస్తారు ఆవిడని. మాటా పలుకూ లేని మనిషి. వేదికెక్కి చీర కొంగు దోపుకుని రెండో పక్క పట్టుకుంది.

“నువ్వెక్కడికి?” అన్నాడు అయ్యగారు.

“బల్ల దించడానికి. మనింటి సంగతి తర్వాత మాట్లాడదాం,” అంది అమ్మగారు.

ఆడవాళ్లిద్దరూ జనం మధ్య నుంచి బల్ల మోసుకుంటూ బయటికి నడిచారు. కూతురు వెనకాలే వెళ్లింది.

అరగంటకి భర్త ఇంటికొచ్చాడు. “నా పరువు గంగలో కలిపావు. నేను తాగొస్తున్నానా, తిరిగొస్తున్నానా? దేవుడి పని కదే!”

“ఈ నాలుగు కమిటీలూ దేవుడొచ్చి అడిగాడా? కాదనలేక మీరు తెచ్చుకున్నారు. పొగుడుతుంటే ఒళ్లు పొంగి తెచ్చుకున్నారు. ఇటు చూడండి. మీ కూతురి ముఖంలో ఏం మారిందో చెప్పండి.”

ఆయన చూశాడు. “కళ్లజోడు... ఎప్పుడు పెట్టారు?”

“వెనక్కెళ్లి మీ నాటకంలో పిల్లని అడగండి!”



మర్నాడు ఆరాధన అయ్యాక, ఇకపై శుక్రవారం ఏ కూటమూ ఉండదని అయ్యగారు ముఖం ముడుచుకునే ప్రకటించాడు. పక్కనే అమ్మగారు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సెక్రటరీగారు రెండు కమిటీలు వదిలాడు. మిగతా రెండూ వదల్లేకపోయాడు. టైలరమ్మ నోరు మంచిది కాదని ఇద్దరు ముగ్గురు ఆమెకు బట్టలివ్వడం మానేశారు. మానితే మానారు అనుకుంది.

మొదటి శుక్రవారం ముగ్గురూ కలిసి తిన్నారు. ఏం మాట్లాడాలో ఆయనకు తోచలేదు. కూతురు రెండు ముద్దలు తిని, లెక్కలున్నాయంటూ లేచిపోయింది. ఆయన ముఖం చిన్నబోయింది.

“నాతో మాట్లాడదేం?”

“ఒక్క పూటకే మాట్లాడేస్తుందా?”

“నీకింకా కోపం పోలేదా?”

“పోలేదు. వచ్చే శుక్రవారం కూడా ఇంటికి రండి, అప్పుడు చూద్దాం,” అంటూ పళ్లాలు ఆయన చేతిలో పెట్టింది, కడిగి పెట్టమని.